బోరు మోటారు లైనుకి కారు తగిలించొద్దు



పత్తి విత్తనాల మీద రాస్తానని పోయినసారి చెప్పాను. అది వచ్చే పోస్టులో. ఈలోపు ఒక ఫోను వచ్చింది, ముందు దాని సంగతి రాయాలి.

గంపలగూడెం వైపు కుర్రాడు. మా ఇంట్లో కరెంటు కారు ఉందని ఎవరో చెప్పారంట. "బాబాయ్, నేను కూడా సెకండ్‌హ్యాండ్‌లో ఒకటి చూశాను. మా ఇంటి మీటరు ఒక కిలోవాటే. అందుకని బోరు కాడ మోటారు షెడ్డులో ప్లగ్గు పెట్టిచ్చుకుని అక్కడే చార్జింగు పెట్టుకుందామని చూస్తన్నా. ఫ్రీ కరెంటేగా, పగలు తొమ్మిది గంటలు వస్తదిగా. నువ్వేమంటావు?" అన్నాడు.

వద్దురా అన్నాను. ఎందుకో కూడా చెప్పాను. "సరే బాబాయ్, చూద్దాంలే" అని పెట్టేశాడు. ఆ 'చూద్దాంలే'కి అర్థం మనందరికీ తెలుసు. ఇట్లా అనుకునేది వాడొక్కడే అయ్యుండడు, అందుకని అందరికీ కలిపి రాస్తున్నా. కొంచెం పొడుగ్గానే ఉంటది, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక మాట. కారు కొనే స్తోమతు నాకు లేదు. మా అబ్బాయి విజయవాడలో ఉద్యోగం చేసేటప్పుడు 2023లో కొన్నాడు. వాణ్ణి బెంగళూరు వేశారు, అక్కడ పెట్టుకునే చోటు లేదని బండి తెచ్చి మా వాకిట్లో పెట్టిపోయాడు. ఏడాదిన్నర నుంచి నేనే తిప్పుతున్నాను. చిన్న కారు, 24 యూనిట్లు పట్టే బ్యాటరీ. కాగితం మీద మూడొందల పైన కిలోమీటర్లు రాసుంటది. మన రోడ్ల మీద, నలుగురు ఎక్కి ఏసీ వేసుకుంటే 170, చలికాలం ఒక్కణ్ణే నెమ్మదిగా పోతే 190. అంతకు మించి ఎప్పుడూ చూడలేదు. ట్రాక్టరు డీలరు చెప్పే గంటకి ఇన్ని లీటర్ల లెక్క లాంటిదే ఇది కూడా. తప్పు అనను, మన చేలో రాదు అంటాను.

ఇక మోటారు షెడ్డు సంగతికి వద్దాం.

మొదటిది, కారుకే ముప్పు. మన మోటారు తిరగాలంటే మూడు ఫేజులు చాలు, న్యూట్రల్‌తో పనిలేదు. అందుకే పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ ఎట్లా ఉందో, తెగి వేలాడుతుందో, తుప్పు పట్టిందో ఎవరూ పట్టించుకోరు. షెడ్డులో బల్బు పెడితే ఒక్కోసారి గుడ్డి దీపంలా వెలుగుతది, ఒక్కోసారి టప్పున పేలిపోద్ది, చూసే ఉంటారు. న్యూట్రల్ పోయినప్పుడు 230 రావాల్సిన చోట 400 దాకా రావచ్చు. బల్బు పోతే ఇరవై రూపాయలు. కారులో చార్జరు పోతే మీ పత్తి అమ్మిన డబ్బులు ఎంత పోతాయో లెక్కేసుకోండి. వారంటీ వాళ్ళు వచ్చి చూసేది కూడా ముందు ప్లగ్గు ఎక్కడ పెట్టావనే.

రెండోది, చట్టం. వ్యవసాయానికని తీసుకున్న సర్వీసుని వేరే పనికి వాడితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షను కింద వస్తది. ఏ పనికి వాడామో ఆ టారిఫ్‌కి రెండింతలు వేస్తారు. ఎప్పట్నుంచి వాడుతున్నామో తేలకపోతే వెనక్కి పన్నెండు నెలలకి లెక్క కడతారు. "మా లైన్‌మన్ మనవాడే" అంటారు కొందరు. లైన్‌మన్ మనవాడే, తనిఖీకి వచ్చే స్క్వాడు మనవాళ్ళు కాదు.

ఈ రెండూ వాడికి ఫోనులో చెప్పాను. మూడోది చెప్పలేదు, నాకు అసలు బాధ అదే.

ఆ లైను మనకి ఊరికే రాలేదు. వయసైన వాళ్ళకి గుర్తుండే ఉంటది. 2000 సంవత్సరంలో కరెంటు చార్జీలు పెంచినప్పుడు రాష్ట్రమంతా గొడవైంది, ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు. ఆ తర్వాత వరసగా కరువు. మోటారు బిల్లు కట్టలేక స్టార్టర్లు, ఫ్యూజులు పీక్కుపోతుంటే చూస్తూ నిలబడ్డ రోజులు నాకు గుర్తే. 2004 మే 14న రాజశేఖర రెడ్డి గారు ప్రమాణం చేసి ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం పెట్టారు. ఆ తర్వాత ఎన్ని ప్రభుత్వాలు మారినా ఎవరూ దాన్ని తీసేయలేకపోయారు. మీరు ఏ పార్టీ అయినా అవ్వండి, ఆ మాట నిజం.

తీసేయలేరు గానీ, వంక కోసం చూసేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. 2020 సెప్టెంబరులో జీవో 22 వచ్చింది, మోటార్లకు మీటర్లు పెడతాం, డబ్బులు మీ ఖాతాలో వేస్తాం, మీరు బిల్లు కట్టండి అని. అప్పుడు మనం ఏమన్నాం? "మేం నీళ్ళు తోడుకోవడానికి తప్ప దేనికీ వాడటంలేదు, మీటరెందుకు?" అన్నాం. రేపు ఏ టీవీవాడో మోటారు షెడ్డు ముందు కారు పెట్టి, స్టార్టరు పక్కన ప్లగ్గులో వైరు గుచ్చి ఉన్న వీడియో చూపిస్తే మన నోట ఆ మాట ఎట్లా వస్తది? ఒక్కడు నెలకి వెయ్యి రూపాయలు మిగుల్చుకుంటాడు, ఊళ్ళో ఉన్న బోర్లన్నిటికీ మాట పడుద్ది. కౌలు చేసుకునేవాడికి కారు లేదు, స్కూటరు కూడా లేదు, వాడి మోటారుకీ మీటరు వస్తది. ఇది నాకు మింగుడుపడదు.

వాడు అడిగింది అత్యాశతో కాదని నాకు తెలుసు. ఇంటి కరెంటు సరిపోదన్న భయంతో అడిగాడు. కాబట్టి వద్దని చెప్పి ఊరుకుంటే సగం మాటే అయిద్ది. ఇంట్లో ఎట్లా పెట్టుకోవాలో, ఎంతవుతదో నేను పడ్డ తిప్పలతో సహా రాస్తాను.

కారుతో వచ్చే మామూలు చార్జరు 15 ఆంపియర్ల ప్లగ్గులో పెడితే 3.3 కిలోవాట్లు లాగుద్ది. మన భాషలో చెప్పాలంటే నాలుగున్నర హెచ్‌పీ మోటారు. అంటే ఇంటి వైరు మీద రాత్రి ఎనిమిది తొమ్మిది గంటలు ఆపకుండా నాలుగున్నర హెచ్‌పీ మోటారు తిప్పినట్టు. ఇది బుర్రలో పెట్టుకుంటే మిగతావన్నీ మీకే తెలుస్తాయి. గ్రైండరు ప్లగ్గులో ఎవరైనా నాలుగున్నర హెచ్‌పీ మోటారు పెడతారా? నేను పెట్టాను. మూడో వారానికి ప్లగ్గు నల్లగా మాడి ప్లాస్టిక్కు వాసన వచ్చింది. మా ఆవిడ అర్ధరాత్రి లేచి ముక్కు పట్టుకుని "ఏదో కాలుతుందండీ" అంటే తప్ప నాకు మెలకువ రాలేదు. గోడ అవతలే గడ్డివాము. ఆ రోజు ఏమీ కాలేదు, దేవుడి దయ.

తర్వాత ఎలక్ట్రీషియన్ని పిలిపించి మీటరు దగ్గర నుంచి విడిగా 4 స్క్వేర్ రాగి వైరు లాగించాను. ఇండస్ట్రియల్ సాకెట్టు, ఎంసీబీ, మనిషికి షాకు కొట్టకుండా ఆపే ఆర్‌సీసీబీ పెట్టించాను. ఏఈ ఆఫీసులో అప్లికేషను పెట్టి ఇంటి లోడు పెంచుకున్నాను. లోడు పెంచితే ఒకసారి కట్టేవి కొన్ని ఉంటాయి, ఆ తర్వాత నెలనెలా ఫిక్సుడు చార్జీ కిలోవాటుకి 10 రూపాయలు. మూడు కిలోవాట్లు పెంచుకుంటే ముప్ఫై రూపాయలు. ముప్ఫై రూపాయలకి భయపడి ఫ్రీ లైను మీద పడటం ఎందుకు?

ఎర్తింగు సంగతి విడిగా చెప్పాలి. మే నెలలో ఒక రాత్రి కారు చార్జింగు ఎక్కనని మొండికేసింది. ఎర్ర లైటు వెలుగుతుంది. వైరు మార్చాం, ప్లగ్గు మార్చాం, లాభం లేదు. మా అబ్బాయికి ఫోను చేస్తే వాడు బెంగళూరు నుంచి ఏదో యాపులో చూసి "నాన్నా, ఎర్తు లేదంటుంది" అన్నాడు. ఎర్తు లేకపోవడమేంటి, గుంట తీసి, బొగ్గు ఉప్పు వేసి, జీఐ పైపు దింపించింది నేనే. పొద్దున్నే వెళ్ళి చూస్తే గుంట ఎండి నెర్రెలిచ్చి ఉంది. మాది గరప నేల, ఎండాకాలం చుక్క తడి ఉండదు. నాలుగు బిందెలు నీళ్ళు పోశాను. గంట తర్వాత పెడితే పచ్చలైటు వెలిగి చక్కగా ఎక్కింది. అప్పట్నుంచి మార్చి వచ్చిందంటే తులసికోటకి పోసినట్టు ఎర్తు గుంటకి కూడా నీళ్ళు పోస్తున్నాను. నవ్వుకోండి, కానీ మీ ఇంట్లో ఫ్రిజ్జు పట్టుకుంటే జివ్వుమంటే అదీ ఇదే రోగం. మనం ఏళ్ళ తరబడి ఎర్తు లేకుండా బతికేస్తున్నాం, కారు ఊరుకోలేదు, అంతే తేడా.

ఇప్పుడు డబ్బుల లెక్క. "యూనిట్టు మూడు రూపాయలు, కిలోమీటరు నలభై పైసలు" అని వీడియోల్లో చెబుతుంటారు. మన రాష్ట్రంలో 2022 నుంచి ఉన్న ఇంటి స్లాబులు చూడండి. మొదటి 30 యూనిట్లు 1.90, ఆ పైన 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. మా ఇంట్లో కారు రాకముందు నెలకి 140 యూనిట్లు కాలేది, 507 రూపాయలు. కారుకి నెలకి 160 యూనిట్లు పడుతుంది, మొత్తం 300. దానికి 1,673. అంటే కారు వల్ల పెరిగింది 1,166 రూపాయలు, యూనిట్టు ఏడు రూపాయల ముప్ఫై పైసలు పడింది. సర్దుబాటు చార్జీలు, డ్యూటీ దీని మీద వేరే. ఎందుకంటే కారు యూనిట్లు మూడు రూపాయల స్లాబులో కూర్చోవు, ఫ్యానూ ఫ్రిజ్జూ అప్పటికే ఆ చోటు తీసేసుకుంటాయి. కారు పోయి పై స్లాబులో పడుద్ది.

అయినా చవకే, కాదనను. ప్లగ్గు దగ్గర ఒక యూనిట్టు లాగితే నాకు ఏడు కిలోమీటర్లు వస్తుంది. 160 యూనిట్లకి 1,120 కిలోమీటర్లు. కిలోమీటరు రూపాయి చిల్లర. అదే పెట్రోలు కారు లీటరుకి 18 ఇచ్చినా, 110 దరిదాపు పెట్రోలు పోసి ఆరు రూపాయల పైమాటే. కాబట్టి కుర్రాడా, నిజాయితీగా బిల్లు కట్టినా నీకు మిగిలేది మిగులుద్ది. ఆ రూపాయి కూడా మిగుల్చుకుందామని మోటారు లైను మీదికి పోవద్దనే నా గోల.

ఇంట్లో ఇప్పటికే ఏసీలు ఉండి మూడొందల యూనిట్లు కాలేవాళ్ళకి ఇంకో దారి ఉంది. కరెంటు బండ్ల చార్జింగుకి మన రాష్ట్రంలో విడిగా టారిఫ్ ఉంది, యూనిట్టు 6.70, స్లాబులు లేవు. 2024 ఫిబ్రవరిలో కేంద్రం విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు సవరించి, అడిగినవాళ్ళకి చార్జింగు కోసం వేరే సర్వీసు ఇవ్వాలని రాసింది. నాలాంటివాడికి నెలకి వంద రూపాయలు కూడా మిగలదు కాబట్టి నేను తీసుకోలేదు. 300 కాలే ఇంట్లో అయితే అదే 160 యూనిట్లకి 1,460 పడాల్సింది 1,072తో పోద్ది. ఇంటికి వెయ్యాల్సిన మీటరు ఏదో లెక్క కట్టుకుని వేయించుకోండి.

సోలారు పెట్టుకుంటే ఫ్రీ కదా అని కూడా అడిగారు. పీఎం సూర్యఘర్‌లో మూడు కిలోవాట్లకి 78,000 సబ్సిడీ వస్తుంది, మంచిదే. కాకపోతే ఒకటి తెలుసుకోండి. మామూలుగా పెట్టేది లైనుతో కలిపి నడిచే సోలారు. లైను పోతే అది కూడా ఆగిపోద్ది, స్తంభం మీద పనిచేసేవాడికి షాకు కొట్టకుండా. గాలివానకి కరెంటు పోయిన రోజు, మర్నాడు ఎంత ఎండ కాసినా మీ పలకల కింద కారు చార్జింగు ఎక్కదు. బిల్లు తగ్గించుకోవడానికి సోలారు, కరెంటు పోయినప్పటి భరోసాకి కాదు.

గాలివాన అన్నాను కాబట్టి అసలు విషయానికి వస్తున్నా. పట్నంలో వాళ్ళకి చార్జింగు అంటే ఖర్చు. మనకి చార్జింగు అంటే ముందుచూపు. దీన్ని నేను తేలిగ్గా నేర్చుకోలేదు.

పోయిన ఆగస్టులో రాత్రి పదకొండు దాటాక మా అమ్మకి ఆయాసం వచ్చింది. ఎనభై దాటిన మనిషి. తిరువూరులో చూపిస్తే విజయవాడ తీసుకుపొమ్మన్నారు. కారు దగ్గరికి వచ్చి చూస్తే 23 శాతం. మర్నాడు ఎక్కడికీ పోయే పని లేదు కదా అని ఆ రోజు పెట్టలేదు. 23 శాతానికి నలభై కిలోమీటర్లు. తిరువూరు నుంచి విజయవాడ సుమారు 75. మధ్యలో మైలవరం దాటాక అర్ధరాత్రి రోడ్డు మీద అమ్మని పెట్టుకుని ఆగిపోతే? అప్పటికప్పుడు ఒక డీజిల్ బండాయన్ని లేపి, ఆయన బండిలో పోయాం. అమ్మ బాగానే ఉంది, ఇప్పుడు ఇది రాస్తుంటే పక్కన మంచంలో కూర్చుని మనవడితో వీడియో కాల్ మాట్లాడుతుంది. కానీ ఆ రాత్రి దారిలో మా ఆవిడ అన్న మాట మాత్రం పోలేదు. "ఇంత కారు వాకిట్లో పెట్టుకుని ఎవరి తలుపో కొట్టామా" అంది. నేనేం మాట్లాడలేదు.

అప్పట్నుంచి మా ఇంట్లో ఒక్కటే లెక్క. పడుకునే ముందు బండిలో విజయవాడ పోయేంత ఉండాలి. మా ఊరి నుంచి 83 కిలోమీటర్లు, దారి మళ్ళింపులు గట్రా కలుపుకుని 60 శాతం. అంతకంటే తగ్గితే మర్నాడు పని ఉన్నా లేకపోయినా ప్లగ్గు పెట్టాల్సిందే. రోజూ నూటికి నూరు నింపొద్దు, ఎనభై దగ్గర ఆపమని కొన్ని బ్యాటరీలకి చెబుతారు, కొన్నిటికి అప్పుడప్పుడు నూరు నింపమంటారు, అది బండితో వచ్చిన పుస్తకంలో ఉంటది. కింద మాత్రం 60 అనేది నేను పెట్టుకున్న గీత. మీ ఊరు ఎంత దూరమో చూసుకుని మీ గీత మీరు గీసుకోండి.

రెండోది, మబ్బు పట్టకముందే పెట్టాలి. మామిడికాయ కోతల టైములో సాయంత్రం ఉరిమిందంటే మనం ముందు ఏం చేస్తాం? కల్లంలో ఉన్నది కప్పుతాం. ఇప్పుడు దానితో పాటు కారు వైరు కూడా గుచ్చుతున్నాను. గాలి లేచిందంటే కొమ్మ పడుద్ది, లైను పోద్ది, మా ఫీడరు బాగవడానికి ఒక్కోసారి రెండో రోజు దాకా పడుద్ది. ఉరుములు దగ్గరికి వస్తే మళ్ళీ పీకేస్తాను, అది వేరే సంగతి. రాత్రి పది దాటాక పెడితే ఓల్టేజీ కూడా బాగుంటది. ఏడు ఎనిమిది గంటల మధ్య అందరూ టీవీలు, మోటార్లు, ఏసీలు వేస్తారు, అప్పుడు పెడితే వీధిలో లైట్లు మినుకుమంటాయి. ఇప్పుడు మా ట్రాన్స్‌ఫార్మర్ కింద ఒక్క కారే. రేపు ఐదు ఉంటే 16 కిలోవాట్ల పైన లోడు. 25 కేవీఏ బుడ్డి మీద ఇళ్ళతో పాటు అది కూడా అంటే, చెప్పేదేముంది.

ఇంక దూరం పోయే సంగతి. మా ఊరి నుంచి విజయవాడ పోయి రావడం 166, ఊళ్ళో తిరుగుడు పదిహేను వేసుకుంటే 180. బండి ఇచ్చేది 170 నుంచి 190. ముడి ఎక్కడ పడిందో చూశారుగా. విజయవాడలో ఎక్కడో ఒకచోట కాసేపు పెడితే తప్ప ధైర్యంగా తిరిగి రాలేం. ఫాస్టు చార్జింగు ఉంది, పెట్టాను కూడా. యూనిట్టుకి 20 రూపాయల పైనే పడింది. ఒక్కో కంపెనీది ఒక్కో యాపు, దాంట్లో ముందే డబ్బులు వేయాలి, ఓటీపీ రావాలి, సిగ్నల్ ఉండాలి. ఒకసారి దారిలో ఒక బంకులో మిషను ఉందని యాపులో చూసి పోతే, దాని ముందు సిమెంటు బస్తాలు పేర్చి ఉన్నాయి. "ఎప్పట్నుంచో పనిచేయట్లేదండీ" అన్నాడు అక్కడి కుర్రాడు. యాపులో మాత్రం పచ్చగా చూపిస్తుంది. అప్పట్నుంచి నేను ఒక్క మిషనుని నమ్ముకుని బయల్దేరను. అది లేకపోతే ఇంకోటి ఎక్కడుందో, అక్కడికి పోవడానికి బండిలో ఉందో లేదో చూసుకున్నాకే తాళం తీస్తాను.

హైవేల మీద ప్రతి 25 కిలోమీటర్లకి రెండు వైపులా చార్జింగు స్టేషను ఉండాలని 2022 జనవరిలో కేంద్ర విద్యుత్ శాఖ గైడ్‌లైన్స్‌లో రాసింది. మన తిరువూరు రోడ్డు కూడా హైవేనే, 30 నంబరు. రావాలి, వస్తే మంచిదే. కానీ నన్నడిగితే రైతుకి కావాల్సింది అది కాదు. లక్షలు లక్షలు పెట్టి ఫాస్టు మిషన్లు పెడితే దారిన పోయేవాళ్ళకి పనికొస్తుంది, యూనిట్టు ఇరవై రూపాయలకి మనం పెట్టుకుంటామా?

నున్న మామిడి మార్కెట్టునే తీసుకోండి. సీజన్లో సరుకు వ్యానులో పంపి, వెనకాల నేను కారులో పోతాను. ధర తేలి, కాటా అయ్యి, లెక్క చేతికొచ్చేసరికి నాలుగైదు గంటలు. అంతసేపూ కారు చెట్టు కింద ఊరికే నిలబడి ఉంటది. అక్కడ గోడకి ఒక 15 ఆంపియర్ల ప్లగ్గు, దానికో మీటరు ఉందనుకోండి. ఐదు గంటలకి 15 యూనిట్లు ఎక్కినా 105 కిలోమీటర్లు, నేను ఇంటికొచ్చేయొచ్చు. ఎనిమిది తొమ్మిది రూపాయలు తీసుకున్నా ఇస్తాం. ఫాస్టు మిషనూ అక్కర్లేదు, ఏమీ అక్కర్లేదు. మనిషి ఎక్కడ గంటలు గంటలు కూర్చుంటాడో అక్కడ ప్లగ్గు కావాలి. తిరువూరు మార్కెట్టు యార్డు, బస్టాండు, ఆసుపత్రి, తహసీల్దారు ఆఫీసు, నెమలి గుడి. తహసీల్దారు ఆఫీసులో మనం ఎంతసేపు కూర్చుంటామో మీకు చెప్పక్కర్లేదు, అక్కడైతే ఫుల్ ఎక్కుద్ది.

ఇది గాల్లో మాట కాదు. స్కూటర్లకి, ఆటోలకి సరిపడా 3 కిలోవాట్ల చిన్న చార్జింగు పాయింటు 3,500 రూపాయల లోపు వచ్చేలా తయారుచేయాలని 2021లోనే కేంద్రం ప్రమాణాలు తయారుచేయించింది. చార్జింగు పెట్టి డబ్బులు తీసుకోవడానికి కరెంటు అమ్మే లైసెన్సు అక్కర్లేదని 2018 ఏప్రిల్‌లోనే విద్యుత్ శాఖ తేల్చేసింది. అంటే పంచాయతీ పెట్టొచ్చు, మార్కెట్టు కమిటీ పెట్టొచ్చు, సొసైటీ పెట్టొచ్చు, టీ కొట్టాయన కూడా సరైన సర్వీసు తీసుకుని పెట్టుకోవచ్చు. కారున్న నలుగురి కోసం కాదు నేను అడిగేది. ఇప్పుడు మన ఊళ్ళల్లో కరెంటు స్కూటర్లు ఎన్ని తిరుగుతున్నాయో చూడండి, ఆటోలు కూడా వస్తున్నాయి. ఆటో తిప్పుకునేవాడు మధ్యాహ్నం రెండు గంటలు చార్జింగు పెట్టుకుంటే వాడికి సాయంత్రం రెండు ట్రిప్పులు ఎక్కువ.

ఆర్టీసీ వాళ్ళు తిరుమల కొండ మీదికి 2022లో కరెంటు బస్సులు వేశారు కదా. అలిపిరి డిపోలో చార్జింగు ఏర్పాటు చేసుకుని బస్సులు తిప్పుతున్నారు. ఏ బస్సు ఎక్కడ తిరుగుద్ది, ఎక్కడ ఆగుద్ది అన్నది వాళ్ళకి తెలుసు, కాబట్టి ప్లగ్గు ఎక్కడ ఉండాలో కూడా తెలుసు. మన బండ్లు ఎక్కడ ఆగుతాయో మనకే తెలుసు, ఇంకెవరికి తెలుస్తది? మనం చెప్పకపోతే హోటళ్ళ ముందే పెడతారు.

కొనమంటావా వద్దంటావా అని సూటిగా అడుగుతారు. ఇంట్లో ఒకే బండి ఉండి, అదే ఆసుపత్రికీ అదే పెళ్ళిళ్ళకీ అయితే, మీ ఫీడరు తరచూ పోతుంటే ఇప్పుడే తొందరపడొద్దు. రోజూ పొలానికీ, తిరువూరుకీ తిరిగేదానికైతే ముందు స్కూటరు కొనండి, మూడు నాలుగు యూనిట్లలో అయిపోద్ది, ఇంటి వైరింగు కూడా దానికి చాలుద్ది. వారానికి నాలుగైదు రోజులు యాభై అరవై కిలోమీటర్లు తిరిగే పని ఉండి, వాకిట్లో సొంత ప్లగ్గు, మంచి ఎర్తు ఉంటే కారు కొనుక్కోండి, డబ్బు మిగులుద్ది. షోరూముకి పోయే ముందు ఎలక్ట్రీషియన్ని ఇంటికి పిలవండి. బండి టెస్టు డ్రైవు తర్వాత చేయొచ్చు.

గంపలగూడెం తమ్ముడూ, ఇది చదువుతుంటే ఇంకోసారి ఫోను చెయ్యి. లోడు పెంచుకోవడానికి ఏ కాగితాలు కావాలో నా దగ్గరున్నవి ఫొటో తీసి పంపుతాను. మిగతావాళ్ళు కూడా, మార్కెట్టు యార్డులో రెండు ప్లగ్గులు పెట్టమని అర్జీ రాసి ఉంచాను. సోమవారం కలెక్టరు ఆఫీసులో గ్రీవెన్సులో ఇద్దామని ఉంది. సంతకాలు పెట్టేవాళ్ళు ఆదివారం పొద్దున్న మా తోట దగ్గరికి రండి. ఆటోవాళ్ళని కూడా తీసుకురండి, వాళ్ళ సంతకాలే ముఖ్యం. ఎర్తు గుంట చూడాలనుకున్నవాళ్ళకి అదీ చూపిస్తాను. కలెక్టరు కాయలు ఇంకా కొన్ని మిగిలున్నాయి, సంచి తెచ్చుకోండి.